నడిచే పడవలో లంగరు

లంగరు వెయ్యడం గురించి అందరూ మాట్లాడతారు. ఎత్తడం గురించి కొందరు మాట్లాడతారు. ఎత్తిన లంగరును ఏం చెయ్యాలన్నది మాత్రం పడవ నడిపేవాళ్లు తప్ప ఎవరూ అడగరు. రేవు వెనకబడింది, పడవ కదిలింది, ఇక దానితో పనేముందని అనుకుంటాం. కానీ అది పడవలోనే ఉంది. బరువైన ఇనుము. పడవ ఊగితే అదీ ఊగుతుంది. ఎక్కడ పెట్టాలి, ఎంత గట్టిగా కట్టాలి, మళ్లీ ఎప్పుడు విప్పాలి? పైకి ఇది సరంగుల గొడవ. నాకు మాత్రం ఇది మన గొడవే అనిపిస్తుంది. మన ముసల్మాన్ల అస్తిత్వం గురించి ఇన్నేళ్లుగా ఇన్ని వ్యాసాలు రాసుకున్నాం, చదువుకున్నాం. వాటిలో చాలావాటికి కదిలే పడవలో లంగరు అన్న సంగతే తట్టలేదు. అయితే దీన్ని వెంటనే పోలికగా తీసుకోవద్దని మనవి. ముందు లంగరును లంగరుగా చూద్దాం. వస్తువు తెలియకుండా పోలికలు చెప్పేవాళ్లు మనకి ఇప్పటికే ఎక్కువయ్యారు.

బందరు పక్కన గిలకలదిండి రేవు నుంచి మర పడవలు వేటకి పోతాయి. అక్కడ ఒక ముసలి సరంగును ఈ సంగతే అడిగితే నవ్వాడు. "లంగరు పైకొస్తే పనైపోయిందనుకుంటారు సాయిబు గారూ. అసలు పని అప్పుడే మొదలవుద్ది" అన్నాడు. పైకి రాగానే బురద కడగాలి. బురదతో లోపల పెడితే చెక్క మీద కాలు జారుతుంది, తాడు కుళ్లుతుంది. తర్వాత పడవ ముక్కు దగ్గర పడుకోబెట్టాలి, కొక్కేలు చెక్కకి గుచ్చుకోకుండా. కట్టడం రెండు చోట్ల కట్టాలి. ఒక్కచోటే కడితే రెండో కొస అలకి లేచి లేచి కొడుతుంది. తాడు చుట్టలు చుట్టి పెట్టాలి. ఒక్క చుట్ట జారి నీళ్లలో పడ్డా వెనక తిరిగే రెక్కకి చుట్టుకుని మర ఆగిపోతుంది. కట్టని లంగరు ముందు ఎవరిని కొడుతుందంటే పరాయి పడవని కాదు, తన పడవనే. నడిసంద్రంలో తన చెక్కనే పగలగొడుతుంది.

"ముడి ఎట్టా ఉండాలి తాతా?" అని అడిగాను.

"అలకి ఊడకూడదు, చేతికి ఊడాలి" అన్నాడు.

పెద్ద ఓడల్లో ఇదే పని ఇనుముతో చేస్తారు. గొలుసును చుట్టే యంత్రానికి బ్రేకు ఉంటుంది. ఆ బ్రేకునొక్కదాన్నీ నమ్మరు. ప్రయాణంలో అదురుకి అది వదులు కావచ్చు. అందుకని గొలుసు కణు మీద అడ్డంగా పడే ఒక కడ్డీ, దానిమీద మళ్లీ ఉక్కుతీగల కట్టు. ఇంతా చేసి, గొలుసు లోపలి గదిలోకి దిగే గొట్టం మూతికి మూత బిగిస్తారు, సముద్రం ఆ దారిన లోపలికి రాకుండా. ఓడ నడుస్తుండగా లంగరు జారిందంటే ఆ వేగానికి గొలుసు ఆగదు. పట్టుకోబోయిన మనిషి మిగలడు.

ఇంత జాగ్రత్త లేకపోతే ఏమవుతుందో ఈమధ్యే ప్రపంచం చూసింది. 2023 అక్టోబరులో ఫిన్లాండుకీ ఎస్తోనియాకీ మధ్య సముద్రపు అడుగున ఉన్న గ్యాసు గొట్టం పగిలింది. న్యూన్యూ పోలార్ బేర్ అనే సరుకు ఓడ తన లంగరును అడుగున ఈడ్చుకుంటూ పోయిందని తేల్చి, ఆ లంగరును నీళ్లలోంచి పైకి తీశారు. 2024 డిసెంబరు 25న అదే సముద్రంలో రెండు దేశాల మధ్య కరెంటు తీగ తెగింది. ఈసారి ఈగిల్ ఎస్ అనే చమురు ఓడ లంగరు పదుల కిలోమీటర్లు అడుగును దున్నుకుంటూ పోయిందన్నారు. కావాలని చేశారా, నిర్లక్ష్యమా అని కోర్టుల దాకా వెళ్లారు. ఆ తగువు అట్లా ఉంచండి. నన్ను పట్టుకున్న దృశ్యం వేరు. ఓడ నడుస్తూనే ఉంది, లంగరు పడే ఉంది. ఓడ ఆగిందీ లేదు, హాయిగా పోయిందీ లేదు. పైనున్నవాళ్లకి కాస్త వేగం తగ్గినట్టు మాత్రమే అనిపించి ఉండాలి. కింద ఎవరివో ఇళ్లకి వెళ్లే తీగలు తెగుతున్నాయి.

ఇక ఆ మాట సంగతి. 'లంగరు' పారశీకం. 'సరంగు' అక్కడిదే. 'ఖలాసీ' అరబ్బీ. 'చుక్కాని' అరబ్బుల 'సుక్కాన్'. 'తుఫాను' కూడా ఆ ఓడల్లోనే వచ్చింది. 'బందరు' అంటేనే పారశీకంలో రేవు. బోర్డు మీద మచిలీపట్నమని రాసుకున్నా జనం నోట బందరే. మరి పడవ, తెడ్డు, గెడ, మోకు, తెరచాప, రేవు, పోటు, పాటు, ఇవన్నీ తెలుగే. నేలమీద నడిచేవాడికి కావలసిన 'మజిలీ' అరబ్బీ 'మంజిల్'. కాశీకి పోయే కథలకి కూడా మజిలీ కథలనే పేరు పెట్టుకున్నాం, ఎవరి మడీ చెడలేదు. లంగరు అంటే ఏనుగు కాలి గొలుసు కూడా. గోల్కొండ రాకుమారుడు అబ్దుల్లా ఎక్కిన ఏనుగు బెదిరి పారిపోతే, బిడ్డ క్షేమంగా తిరిగొస్తే ఏనుగు గొలుసంత బరువు బంగారు గొలుసు ఇస్తానని తల్లి హయాత్ బక్షీ బేగం మొక్కుకుందట. హైదరాబాదులో మొహర్రం నాటి లంగరు ఊరేగింపు ఆ మొక్కులోంచే పుట్టిందని కథ. దర్గాల్లో బీదాబిక్కీకి పెట్టే అన్నానికీ లంగరే పేరు. కట్టేసేదానికీ కడుపు నింపేదానికీ ఒకటే మాట.

ఇవన్నీ ఏకరువు పెట్టి తెలుగులో మా వాటా ఇంత అని రసీదు అడగబోవడం లేదు. వాటా లెక్కలంటే నాకు విసుగు. గోల్కొండ సుల్తానుల కాలంలో బందరు నుంచి ఎర్ర సముద్రానికీ, పర్షియాకీ, అరకాన్, పెగూలకీ ఓడలు పోయేవి. సరుకులతోపాటు మాటలూ దిగాయి, అంతే. కానీ ఒకటి గమనించండి. తెడ్డు వెయ్యడానికీ, చాప ఎత్తడానికీ మనకి మన మాటలున్నాయి. దూరం పోయి పరాయి నీళ్లలో ఆగడానికి మాత్రం దూరం నుంచి వచ్చినవాడి మాటే నిలిచింది.

దీనికి కారణం డెల్టాలో పుట్టినవాళ్లకి తేలిగ్గానే తెలుస్తుంది. 1852, 1855 మధ్య బెజవాడ దగ్గర కృష్ణకి ఆనకట్ట కట్టారు. ఇటు ఏలూరు కాలువ, బందరు కాలువ, అటు కొమ్మమూరు కాలువ. రోడ్లూ లారీలూ ఎక్కువయ్యేదాకా ధాన్యమూ మనుషులూ ఆ కాలువల మీద పడవల్లోనే పోయేవారు. గాలి ఉంటే చాప, లేకపోతే గట్టు మీద నడుస్తూ తాడు పట్టుకు లాగే మనుషులు. ఆ కాలువ పడవకి లంగరుతో పనెంత? ఆగాలనుకుంటే గట్టు మీద ఒక గుంజ పాతి మోకు చుడితే చాలు. గట్టు ఇటు చెయ్యి చాపితే అందుతుంది, అటు చెయ్యి చాపితే అందుతుంది. రెండు గట్ల మధ్య పుట్టి పెరిగిన పడవ, సముద్రంలోంచి వచ్చిన పడవని చూసి "ఆ ఇనుప ముక్క నీకెందుకు, మాకు లేదే, మేం బతకట్లేదా?" అంటే ఎట్లా ఉంటుందో, మన స్నేహితులు కొందరు మనతో "నాకు కులమూ మతమూ గుర్తే రావు, నువ్వే ఇంకా పట్టుకు వేలాడుతున్నావు" అన్నప్పుడు అట్లా ఉంటుంది. వాళ్లది అబద్ధం అనను. వాళ్లకి నిజంగానే గుర్తురావు. గట్టు అంత దగ్గరుంది మరి. వాళ్ల పేరు చెబితే బెజవాడలో అద్దె ఇల్లు దొరుకుతుంది. మన పేరు చెబితే "ఇప్పుడే ఎవరికో ఇచ్చేశామండీ" అంటారు.

పేరంటే గుర్తొచ్చింది. కృష్ణా, గుంటూరు జిల్లాల ముసల్మాన్లలో, దూదేకుల వాళ్లలో నాగూర్ మీరా, నాగుల్ మీరా అనే పేర్లు వీధికొకటి కనిపిస్తాయి. ఆ పేరు తమిళనాడు తీరాన ఉన్న నాగూరు దర్గాది. అక్కడి షాహుల్ హమీద్ వలీ ఓడవాళ్ల పీరు. నడిసముద్రంలో చిల్లుపడిన ఓడవాళ్లు మొరపెట్టుకుంటే ఆయన ఉన్నచోటనే చేతిలో అద్దం విసిరాడని, అది పోయి ఆ చిల్లుకి అతుక్కుందని చెప్పుకుంటారు. సముద్రం మొహం చూడకుండా గుడివాడలోనో తెనాలిలోనో పరుపులు కుట్టుకుని బతికినవాడి పేరులో ఆ ఓడవాళ్ల పీరు ఉన్నాడు. ఇంట్లో మాట తెలుగు. ఉర్దూ రాదని అటువాళ్లు వెక్కిరిస్తారు, సాయిబని ఇటువాళ్లు వేరుపెడతారు. నీ లంగరేది అని రెండు వైపులా అడుగుతారు. దాన్ని ఆయన చాటలేదు, పారెయ్యనూ లేదు. పేరుకి కట్టుకుని తన పనిమీద తాను పోతున్నాడు. ఎత్తిన లంగరును ఎట్లా ఉంచాలో మన సిద్ధాంతకర్తలకన్నా ఆ పరుపులాయనకి బాగా తెలుసని నా నమ్మకం.

సముద్రం మీద ఒక మర్యాద ఉంది. లంగరు వేసి ఉన్న ఓడ పగటిపూట ముందుభాగాన ఒక నల్లటి గుండు కనపడేట్టు ఎగరెయ్యాలి. 1972 నాటి అంతర్జాతీయ నిబంధనల్లో ఉన్నదే ఇది. లంగరు ఎత్తగానే గుండు దించాలి. దించకపోతే ఎదుటివాడు ఈ ఓడ ఆగి ఉందనుకుని లెక్క తప్పుతాడు. ఆ నిబంధనల్లోనే ఇంకో మాట ఉంది. లంగరు మీద లేని, గట్టుకి కట్టని, ఇసుకలో దిగబడని ప్రతి ఓడా ప్రయాణంలో ఉన్నట్టే లెక్క. మర ఆపేసి ఊరికే తేలుతున్నా సరే. ఎక్కడికి పోతున్నావు, ఎక్కడినుంచి వచ్చావు అన్నవి ఆ లెక్కలోకి రావు.

మనకి మాత్రం ఈ నిబంధన వర్తించదు. మనల్ని నడుస్తూ కూడా గుండు ఎగరేసే ఉంచమంటారు. క్రికెట్టు రోజున ఎగరెయ్యాలి. ఎక్కడో బాంబు పేలిన మర్నాడు ఆఫీసులో ఎగరెయ్యాలి. నేను ఇక్కడే ఉన్నాను, ఈ గట్టుకే కట్టుబడి ఉన్నాను, కదల్లేదు చూడండి అని. ఎగరేసినవాణ్ణి మంచి ముసల్మాను అంటారు. ఎగరెయ్యనివాడు ఎటు పోతున్నాడో అని అనుమానం. కదలకుండా ఉన్నవాణ్ణే నమ్ముతామనడం ఎంత చిత్రమైన నమ్మకం! 2024 సెప్టెంబరు మొదట్లో కృష్ణకి పదకొండు లక్షల క్యూసెక్కులు దాటి వరదొచ్చినప్పుడు పైనుంచి భారీ ఇనుప పడవలు కట్లు తెంచుకుని వచ్చి ప్రకాశం బ్యారేజీని గుద్దాయి. గేట్ల కౌంటర్‌వెయిట్లు దెబ్బతిన్నాయి. ఆ తర్వాత రోజుల తరబడి ఊళ్లో నడిచిన వాదన గుర్తుందా? ఏ తాడుతో కట్టారు, అంత వరద వస్తుందని తెలిసీ ఎట్లా వదిలారు అన్న ప్రశ్నకన్నా, వాటికి పూసిన రంగు ఏ పార్టీది అన్న ప్రశ్న గట్టిగా వినిపించింది. పడవలకే రంగు అడిగిన ఊరు మనుషుల్ని అడక్కుండా ఉంటుందా అనుకున్నాను.

ఇది బయటివాళ్ల సంగతి. మనలోపలి సంగతి ఇంకా కష్టం. 1992 డిసెంబరు 6 తర్వాత మన పేటల్లో ఏం జరిగిందో అందరికీ తెలుసు. అంతకుముందు శుక్రవారం కూడా మసీదు మెట్లెక్కనివాళ్లు ఐదు పూటలా వెళ్లారు. టోపీలు, గడ్డాలు, బురఖాలు పెరిగాయి. లౌకిక మిత్రులు మనల్ని చూసి బాధపడ్డారు, కొందరు తిట్టారు. తుఫానులో పడవ లంగరు వేస్తే తిట్టకూడదు. గాలి ఎటునుంచి కొడుతుందో తెలియనప్పుడు తెలిసిన నేలను పట్టుకోవడం తప్పు కాదు, ప్రాణరక్షణ. అయితే గాలి తగ్గాక కూడా ఎత్తొద్దనేవాళ్లు బయల్దేరారు. ఎత్తడమే పాపం అన్నారు. ఆడపిల్ల కాలేజీకి పోతానంటే లంగరు ఎత్తినట్టే, తెలుగులో కవిత్వం రాస్తే లంగరు ఎత్తినట్టే, పీర్ల పండక్కి పోతే అసలు మన లంగరే కాదు. వాళ్లతో నాకు ఒక్కటే పేచీ. పడవను వాళ్లు లంగరు కోసం చేసిన వస్తువనుకుంటున్నారు.

ఖురాన్‌లోని హూద్ సూరాలో నూహ్ ప్రవక్త ఓడ ఎక్కే ఘట్టం ఉంది. తనవాళ్లని ఎక్కమంటూ ఆయన ఓడ నడకనీ, దాని నిలుపునీ రెండింటినీ అల్లా పేరుమీదే చెబుతాడు. నిలుపు ఒక్కటే దేవుడిది, నడక సైతానుది అనలేదు. నడకే ముందు చెప్పాడు. నిలుపుకి అక్కడున్న అరబ్బీ మాటకీ, ఖురాన్‌లో కొండలకి వాడిన 'రవాసీ' అన్న మాటకీ ధాతువు ఒకటే. కొండంత స్థిరత్వాన్ని చెప్పే ధాతువే ఓడతోపాటు కదిలిపోయే లంగరుకీ సరిపోయింది. మా నానీమా బెజవాడ బస్టాండులో బందరు బస్సు ఎక్కేటప్పుడు కూడా ఆ వాక్యమే చదివేది. బస్సు కదిలాక చదవడం ఆపి పక్కావిడతో చింతకాయ పచ్చడి గురించి మాట్లాడేది. చదివింది చదివినట్టు లోపల ఉండేది, మళ్లీ మళ్లీ తీసి చూపించేది కాదు.

లంగరును నీళ్లలో పారేసెయ్యమనేవాళ్లు మరో వైపు ఉన్నారు. నేను చాలాకాలం వాళ్ల మధ్యే తిరిగాను, వాళ్లలో నాకు గురువులున్నారు, గౌరవం ఉంది. మనిషికి మనిషన్న గుర్తింపు చాలదా అంటారు. చాలాలి. కానీ ఆ మాట లోతు నీళ్లలో ఉన్నవాడితో అనే ముందు తమ పడవకి గట్టు ఎంత దూరమో ఒకసారి చూసుకోమంటాను. అట్లాగని లంగరును వదలడం అనేదే లేదని కూడా అనలేను. పెద్ద ఓడల్లో గొలుసు చివరి కణును లోపలి గదిలో ఎప్పటికీ ఊడని విధంగా బిగించరు. బయటినుంచి సుత్తితో కొడితే ఊడిపోయే మేకుతో బిగిస్తారు. లంగరు రాళ్లలో ఇరుక్కుని, ఓడ మునిగే పరిస్థితి వస్తే ఆ మేకు కొట్టేసి, లంగరునీ గొలుసునీ మొత్తంగా సముద్రానికి వదిలేసి మనుషుల్ని బతికించుకుంటారు. వీలైతే వదిలేముందు దానికి తేలే గుర్తు ఒకటి కడతారు, తర్వాత వచ్చి వెతుక్కోడానికి. ఓడ కట్టినవాళ్లు మొదటిరోజే ఆ మేకు పెట్టారంటే, లంగరును తక్కువగా చూసి కాదు. మనుషుల్ని ఎక్కువగా చూసి.

అసలు చిక్కు ఎంత గట్టిగా కట్టాలన్న దగ్గర వస్తుంది. నేనిక్కడ ఎవరికీ కొలత ఇవ్వలేను. లోతు నీళ్లలో, దూరప్రయాణంలో అన్ని కట్లూ బిగిస్తారు. రేవు దగ్గరపడే కొద్దీ, ఇరుకు దారిలో, పక్కన వేరే ఓడలున్నచోట కట్లు విప్పి, బ్రేకు మీద మాత్రమే ఉంచి, పక్కన ఒక మనిషిని నిలబెడతారు. మర ఆగిపోతే ఆ క్షణంలోనే వెయ్యగలగాలి. గిలకలదిండి మొగలో ఇసుక మేట వేసి పోటు కోసం పడవలు కాచుకునే రోజుల్లో ఈ సంగతి అక్కడ పసివాడికి కూడా తెలుసు. ఒకే పడవ ఒకే రోజున పొద్దున ఒక రకంగా, సాయంత్రం ఒక రకంగా కడుతుంది. దాన్ని ఎవరూ నిలకడలేని పడవ అనరు. ఉద్యోగానికి దుబాయి పోయిన మనవాడు అక్కడ తెలుగువాడై, ఇక్కడికి వచ్చాక సాయిబై, పెళ్లిళ్లలో షేకో సయ్యదో పఠానో అయితే మాత్రం వాణ్ణి రెండు నాల్కలవాడంటాం. వాడు నీటి లోతు చూసి కట్టు మార్చుకుంటున్నాడేమో. నిజంగా మోసం చేస్తున్నవాడూ ఉండొచ్చు. ఆ తేడా దూరంనుంచి తెలియదు, ఆ పడవలో కూచున్నవాడికే తెలుస్తుంది. అందుకే ఈ ప్రశ్నను నీతిప్రశ్న అంటున్నాను. చట్టంతోనో ఫత్వాతోనో తేలేది కాదు.

చీరాల దగ్గర మోటుపల్లి పాత రేవు. అక్కడ కాకతి గణపతిదేవుడు 1244లో ఒక అభయ శాసనం వేయించాడు. అంతకుముందు దేశదేశాల మధ్య తిరిగే ఓడలు తుఫానుకి దెబ్బతిని ఒడ్డుకి కొట్టుకొస్తే అందులోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ రాజులు లాగేసుకునేవారు. లంగరు తెగినవాడి సొమ్ము ఒడ్డువాడిది అన్నమాట. గణపతిదేవుడు ఆ పద్ధతి మాన్పించి, నిర్ణయించిన సుంకం తప్ప మిగతాదంతా ఓడవాళ్లదేనని రాతి మీద చెక్కించాడు. ఆ ఓడల్లో అరబ్బులుండేవారో, చీనావాళ్లో, మలయాళీలో, అందరూ ఉండేవారో. ఏ దేవుడి పేర లంగరు ఎత్తారన్న షరతు ఆ రాతి మీద లేదు. ఏ సరుక్కి ఎంత సుంకమో మాత్రం వివరంగా ఉంది.